వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర, మునిగింది బెజవాడ. ఎట్లా?

పాయకాపురం_పద్మ
2024 సెప్టెంబరు వరద గురించి ఒక సంగతి నాకు ఇప్పటికీ బోధపడలేదు, తెలిసినవాళ్లు చెప్పండి. అది తుపాను కూడా కాదు, వట్టి వాయుగుండం. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటిందన్నారు. అంటే శ్రీకాకుళం జిల్లా, మాకు నాలుగొందల కిలోమీటర్ల పైనే. టీవీలో చూపించిన దారిలో మా ఊరు లేనే లేదు. అయినా సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, పాయకాపురం అన్నీ మునిగాయి, మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది. అప్పటినుంచి అల్పపీడనం అన్న మాట వింటే చాలు, మా ఇంట్లో టెన్షన్ మొదలు. నెలకు రెండు అల్పపీడనాలు వస్తాయి, అన్నిటికీ భయపడలేం కదా. ఏది చూసి సామాన్లు మేడెక్కించాలి, ఏది చూసి ఊరుకోవాలి?

మబ్బులరాయుడు
పద్మ గారూ, వాయుగుండం కేంద్రం అంటే గాలి ఎక్కడ చుట్టూ తిరుగుతోందో ఆ చోటు మాత్రమే, వాన అక్కడే పడాలని లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే వాటికి చాలాసార్లు భారీ వాన కేంద్రానికి నైరుతి వైపే పడుతుంది. ఒకపక్క అరేబియా సముద్రం మీది నుంచి తేమ మోసుకుని పడమటి గాలి దక్కను దాటి వస్తుంటుంది, ఇంకోపక్క వాయుగుండం తన చుట్టూ తిప్పుకునే గాలి ఉత్తరం వైపు నుంచి దిగుతుంది, ఈ రెండూ నైరుతి మూలలో కలుసుకుని పైకి లేస్తాయి. పైగా ఆ సుడి నిటారుగా ఉండదు, ఎత్తుకు పోయేకొద్దీ నైరుతికి వాలుతుంది. ఇప్పుడు మ్యాపు తీసి కళింగపట్నం నుంచి పడమర, నైరుతిల మధ్యగా ఒక గీత గీయండి. విశాఖ పక్కనుంచి, రాజమండ్రి మీదుగా, ఏలూరు దాటి తిన్నగా మీ ఊరికే వస్తుంది! తీరం దాటకముందే, 31వ తేదీ పగలే మీకు కుంభవృష్టి ఎందుకు పడిందంటే ఇందుకే.

ఇంకో మాట. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అని పెట్టేది గాలి వేగాన్ని బట్టి. గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లుంటే వాయుగుండం, 63 దాటితే తుపాను. ఇందులో వాన లెక్క ఎక్కడా లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో కింద గాలి పడమటి నుంచి, పైన చాలా ఎత్తులో గాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి సుడి బలపడి తుపాను అయ్యే వీలు తక్కువ. తుపాను కాలేదు కదా అని నిశ్చింతగా ఉంటే మాత్రం కష్టం.

నిజం_కావాలి
సైన్సు బాగానే ఉంది బ్రో. కానీ ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు పైగా వచ్చింది. అదంతా ఆకాశం నుంచే పడిందా? పైన డ్యాములన్నీ నిండా పెట్టుకుని కూర్చుని ఒక్కసారిగా గేట్లు ఎత్తేశారు, కింద మేం మునిగాం. ప్రతిసారీ జరిగేది ఇదే. క్లౌడ్ బరస్ట్ అని ఇంకో పేరు పెడతారు, దాంతో ఎవరూ జవాబు చెప్పాల్సిన పని ఉండదు.

లాకుల_మాస్టారు
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ లెక్క నేను చెబుతాను. ఆ సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర వరద 11.4 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది, 2009 అక్టోబరు రికార్డు దాటిపోయింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఎనిమిదిన్నర టీఎంసీల పైమాట. ఆ లెక్కన 11.4 లక్షలంటే రోజుకు సుమారు 98 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీలు. అంటే అప్పటికి బ్యారేజీ పూర్తిగా ఎండిపోయి ఉన్నా ముక్కాలు గంటలో నిండిపోయేది. దానికి 70 గేట్లు ఎత్తడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు, అది నీళ్లు మళ్లించే కట్టడం, దాచే కట్టడం కాదు.

ఇక పైనుంచి వదిలారన్నది. శ్రీశైలం, సాగర్, పులిచింతల మీదుగా పెద్ద వరదే వచ్చింది, కాదనను. కానీ పులిచింతల దాటాక బ్యారేజీకి ముందు కృష్ణలోకి నీళ్లు తెచ్చే మున్నేరు, పాలేరు, వైరా, కట్టలేరు ఉన్నాయి చూశారూ, అసలు కథ వాటిది. పాలేరు మీద, వైరా మీద జలాశయాలున్నా అవి ఇలాంటి వరదను పట్టి ఆపేంత పెద్దవి కావు, మున్నేరుకు అదీ లేదు. ఆ వాగుల నీళ్లు ఏ గేటూ ఎత్తకుండానే వస్తాయి. సరిగ్గా వాటి పరివాహకం మీదే ఆ రెండు రోజులూ వాన పడింది. పైనుంచి కృష్ణ, పక్కనుంచి మున్నేరు ఒకే పూట బ్యారేజీకి చేరడమే రికార్డుకు కారణం. ఒక రోజు తేడాతో వచ్చుంటే ఆ అంకె వచ్చేది కాదు.

మబ్బులరాయుడు
క్లౌడ్ బరస్ట్ కూడా కాదు. ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల లోపు చోట, గంటలో 10 సెంటీమీటర్లు పడితే ఆ మాట వాడతారు. ఇక్కడ పడింది రెండు జిల్లాలకు మించిన విస్తీర్ణంలో, గంటల తరబడి. వరదకు ఇదే ఎక్కువ ప్రమాదం. చిన్న చోట ధడాలున పడి ఆగితే ఒక కాలనీ మునుగుతుంది, విశాలంగా విడవకుండా పడితే ఏరు ఊళ్లను ముంచుతుంది.

మున్నేటి_ఒడ్డు
ఖమ్మం నుంచి. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. సెప్టెంబరు 1న కాల్వొడ్డు దగ్గర మున్నేరు 36 అడుగులు దాటింది. అంతకు ముందు ఏడాది జులైలో 30 దాటితేనే మా పెద్దోళ్లు ఇంత ఎప్పుడూ చూడలేదన్నారు, ఏడాది దాటిందో లేదో అది చిన్నదైపోయింది.

మా దగ్గర ఆ రాత్రి వాన భారీగా ఉంది కానీ, మమ్మల్ని ముంచిన నీళ్లు మా మీద పడినవి మాత్రమే కాదు. పైన మహబూబాబాద్ దిక్కు పడ్డవి. ఆకేరు, మున్నేరు రెండూ అక్కణ్నుంచే వస్తాయి, తీర్థాల దగ్గర కలుస్తాయి, కలిశాక ఖమ్మం. అటు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడినయ్, ఫోటోలు అందరూ చూసే ఉంటారు. చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగినయ్. ఆగస్టు ఆఖరు కదా, అప్పటికే నేల తడిసి ఉంది, చెరువులు నిండి ఉన్నయ్, ఇంక పడ్డ చుక్క పడ్డట్టే వాగులోకి. అదే వాన జూన్ మొదట్లో పడితే సగం నేలే తాగేది.

తెల్లారేసరికి ప్రకాశ్‌నగర్ వంతెన మీద మనుషులు చిక్కుకుపోయారు. హెలికాప్టర్ వస్తది వస్తది అని పొద్దంతా చూసి, చివరికి ఒకాయన జేసీబీ వేసుకుని పోయి తెచ్చిండు. మాకు ఫోన్‌కు హెచ్చరిక వచ్చింది, అబద్ధం చెప్పను. జిల్లా మొత్తానికీ ఒకటే మెసేజ్, "భారీ నుంచి అతిభారీ వర్షాలు, అప్రమత్తంగా ఉండండి" అని. మున్నేరు పైన ఎంత వస్తోంది, మా గల్లీకి ఎన్ని గంటలకు చేరుతుంది అన్నది ఎవరూ చెప్పలేదు. మాకు కావాల్సింది అదొక్కటే.

పాయకాపురం_పద్మ
మాస్టారూ, మాది కృష్ణ కాదు కదా, బుడమేరు. నా అసలు అనుమానం అక్కడే ఉంది. ఆదివారం పొద్దున వాన బాగా తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. తగ్గాకే నీళ్లు పెరగడం మొదలైంది, అదీ మురికి కాలవల్లోంచి వెనక్కి తన్నుకుంటూ. వాన లేనప్పుడు నీళ్లెక్కడివి?

లాకుల_మాస్టారు
అమ్మా, ఒకే వాయుగుండం వల్ల ఊరికి రెండు వైపులా రెండు వేరువేరు వరదలొచ్చాయి, టీవీలవాళ్లు రెంటినీ కలిపేశారు. బ్యారేజీ గేట్లను పడవలు గుద్దుకోవడం, కౌంటర్‌వెయిట్లు (గేట్లకు సమతూకంగా పెట్టే బరువులు) దెబ్బతినడం, అవన్నీ కృష్ణ కథ. మీ పేటలు మునిగింది బుడమేరుతో.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ ఉత్తరపు అంచు మీదుగా పోయి కొల్లేట్లో పడుతుంది. ఊరిని తప్పించాలని వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీళ్లను అదుపు చేసే గేట్ల కట్టడం) కట్టి, అక్కణ్నుంచి డైవర్షన్ కాలవ తవ్వి, నీళ్లను ఇబ్రహీంపట్నం వైపు తిప్పి కృష్ణలో కలిపారు. మామూలు రోజుల్లో బాగానే పనిచేస్తుంది. ఆ రోజు మూడు చిక్కులొచ్చాయి. కాలవ మోయగలిగినదానికంటే చాలా ఎక్కువ నీళ్లొచ్చాయి. కాలవ వెళ్లి కలిసే చోట కృష్ణ అప్పటికే పొంగి ఉంది, ఏరు నిండుగా ఉంటే కాలవ నీళ్లు దిగవు, ఎగదన్నుతాయి. ఆ ఒత్తిడికి కాలవ కట్ట కవులూరు వైపు తెగి గండ్లు పడ్డాయి, ఒకటి కాదు, మూడు. గండ్లలోంచి వచ్చిన నీళ్లకు మళ్లీ పాత బుడమేరు దారే దిక్కు, ఆ దారిలోనే మీ పేటలున్నాయి. పైన పడిన వాన వాగులోకి, కాలవలోకి, గండిలోంచి మీ వీధిలోకి రావడానికి గంటలు పడుతుంది. అందుకే మీకు వాన తగ్గాక నీళ్లు వచ్చాయి. చివరి గండి పూడ్చడానికి సైన్యం దిగాల్సొచ్చింది, వినాయక చవితి నాటికి గానీ పని కొలిక్కి రాలేదు.

కైకలూరు_చెరువులు
ఎవరూ కింద ఏం జరిగిందో అడగరు 🙂 బెజవాడలో నీళ్లు తీశాయి అని టీవీలో చెప్పిన రోజునే మాకు మొదలు. ఆ నీళ్లన్నీ వచ్చి చేరేది కొల్లేరుకే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా సవాలక్ష డ్రెయిన్లు వచ్చి పడతాయి, బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. పది కుళాయిలు వదిలేసి తూము ఒకటే పెట్టిన తొట్టి లాంటిది కొల్లేరు.

అది కూడా సముద్రం ఒప్పుకుంటేనే. ఆ సెప్టెంబరు 2 పోలాల అమావాస్య. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువ, సముద్రం నీరు ఉప్పుటేరులోకి ఎగదన్నుతుంది, పైనుంచి వచ్చే వరద లాగదు. మాలాంటి చేపల చెరువులవాళ్లం వాన కబురు వినగానే మొదట చూసేది పంచాంగం. నవ్వుకోండి ఫర్వాలేదు. లంక గ్రామాలకు దారులు తెగి పడవల మీద తిరిగారు, గట్లు మునిగిన చెరువుల్లో చేప ఎవరిదో ఎవరికీ తెలీదు.

చెరువుల గట్లు కూడా కొల్లేటి దారికి అడ్డమే కదా అని ఎవరో ఒకరు అంటారు, ముందే చెబుతున్నా, అవును, కొంత నిజమే.

నిజం_కావాలి
మాస్టారి లెక్క సరే, బ్యారేజీ దాచలేదు, ఒప్పుకుంటా. కానీ మొత్తం వాతావరణం మీదికి తోసేయడం నాకు నచ్చట్లేదు. బుడమేరు గర్భంలో ప్లాట్లు వేసిందెవరు? అమ్మిందెవరు? కాలవ గట్టు బలహీనంగా ఉందని ముందే ఎవరికీ తెలీదా? 2005లో కూడా ఇదే బుడమేరు ఇదే చోట పొంగింది. వాయుగుండం వచ్చి ఆ ప్లాట్లకు అనుమతి ఇవ్వలేదు కదా.

లాకుల_మాస్టారు
ఆ మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. వాన ఎంత పడాలో మన చేతిలో లేదు, పడిన నీరు ఎక్కడ నిలవాలో చాలావరకు మన చేతిలోనే ఉంది. పాత గ్రామ పటాల్లో వాగు వెడల్పు చూసి, ఇప్పుడు అదే చోటికి వెళ్లి చూస్తే కడుపు మండుతుంది. లస్కర్లు, అంటే కాలవ కాపలా పనివాళ్లు, రోజూ గట్టు మీద నడిచి ఎలుక బొరియలు పూడ్చే కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ పోస్టులు చాలావరకు ఖాళీ.

కడపోడు
మీకు ఆగస్టు, మాకు నవంబరు అన్నా. మాది వేరే కథ. 2021 నవంబరు 19 తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. అదే రోజు మా చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఈశాన్య రుతుపవనాల్లో తేమ తూర్పు సముద్రం నుంచి నేరుగా వస్తాది, వచ్చి శేషాచలం కొండలకు తగిలి పైకి లేస్తాది, అంతే, మొత్తం అక్కడే కుమ్మరిస్తాది. వట్టిపోయిన ఏరు అనుకుని ఒడ్డున ఇళ్లు కట్టుకున్నారు మావాళ్లు. సీమకు వరదేంది అని నవ్వేవాళ్లు అంతకుముందు.

మబ్బులరాయుడు
సీమ అనగానే గుర్తొచ్చింది. 2009 దేశమంతా కరువు ఏడాది, ఎల్ నినో, నైరుతి సీజన్ మొత్తం మీద కురిసింది సగటులో 78 శాతం. ఆ సీజన్ అయిపోయిందనుకున్నాక, అక్టోబరు మొదట్లో కర్నూలు, మంత్రాలయం మునిగాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చి, 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 దాకా నీళ్లు నిలిచాయి. కాబట్టి "ఈ ఏడాది వర్షాలు తక్కువట" అన్న వార్త చూసి వరద రాదని అనుకోవద్దు. సీజన్ లెక్క నాలుగు నెలలది, వరదకు రెండు రోజులు చాలు.

ఒక్క చోట ఎంత పడగలదంటే, 2023 జులై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు. తెలంగాణలో అంతకు ముందు రికార్డు 2013లో వాజేడు, 51.75. ఆ రోజే పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. వాగు చిన్నది, ఊరికి దొరికిన టైము అంతకన్నా చిన్నది.

కేటీ_టెక్సాస్
హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను, మా వైపు మనవాళ్లు చాలామంది. 2017 హార్వీ హరికేన్ తీరం దాటింది మాకు చాలా దూరంగా, దాటాక బలహీనపడి టెక్సాస్ తీరం దగ్గరే మెల్లగా తచ్చాడింది, వాన మా మీద నిలబడిపోయింది. నెదర్లాండ్ అనే ఊళ్లో మొత్తం కలిపి 60 అంగుళాలు దాటింది, అంటే 150 సెంటీమీటర్ల పైన. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల వెనక నీళ్లు నిలిచి, మేం ఎప్పుడూ వరద జోన్ కాదనుకున్న కాలనీల్లోకి వచ్చాయి. అప్పట్నుంచి నేను గాలి వేగం చూడను, తుపాను ఎంత వేగంగా కదులుతోందో చూస్తాను. మెల్లగా కదిలితేనే భయం.

మబ్బులరాయుడు
సరిగ్గా అదే. పద్మ గారి మొదటి ప్రశ్నకు నా జవాబు కూడా దాదాపు ఇదే. అల్పపీడనం వార్త వచ్చినప్పుడు నేను చూసేవి చెబుతాను, ఎవరికి వీలైనంత వాళ్లు వాడుకోండి. కేంద్రానికి నైరుతిలో ఉన్నామా (ఇది నైరుతి సీజన్‌కే, నవంబరులో కడపోడు చెప్పిన లెక్క వేరే)? అది గంటకు ఎన్ని కిలోమీటర్లు కదులుతోంది? గత రెండు వారాల్లో వాన పడి చెరువులు నిండి ఉన్నాయా? మన ఊళ్లో కాదు, మన వాగుకు ఎగువన వాన ఎంత?

వాతావరణ శాఖ బులెటిన్ కూడా పూర్తిగా చదవండి. భారీ అంటే సుమారు 7 నుంచి 11 సెంటీమీటర్లు, అతి భారీ 12 నుంచి 20, అత్యంత భారీ 21 అంతకు మించి, ఇవి 24 గంటల లెక్కలు. హెచ్చరిక రంగు ఒక్కటే చూస్తే సరిపోదు, "ఒకటి రెండు చోట్ల" అన్నారా, "చాలా చోట్ల" అన్నారా చూడండి. జిల్లాలో ఒక్క మండలంలో 21 సెంటీమీటర్లు పడితే ఆ మండలం ఇబ్బంది. చాలా చోట్ల పడితే ఏరు మొత్తం ఇబ్బంది.

మున్నేటి_ఒడ్డు
అన్నా, గోదావరి వాళ్లకు ఎట్లా తెలుస్తది మరి? భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ముందే చెప్తరు, జనం సర్దుకుంటరు. 2022 జులైలో 71 అడుగులు దాటినా ముందే చాలామందిని ఖాళీ చేయించిన్రు. మాకెందుకు లేదు?

లాకుల_మాస్టారు
గోదావరి పెద్ద నది బాబూ. పైన ప్రాణహిత, ఇంద్రావతిల్లో పడిన నీరు భద్రాచలం రావడానికి రోజులు పడుతుంది, ఎగువన కొలత చూసి దిగువన ఎంత వస్తుందో చెప్పొచ్చు. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పటి నుంచి అందరికీ ఆ అంకెలు నోటికొచ్చు కూడా. మున్నేరు, బుడమేరు లాంటివాటిలో వాన పడ్డ కొద్ది గంటల్లో నీరు ఊళ్లో ఉంటుంది. ఏరు పొంగాక కొలిస్తే ఆలస్యమే, వాన పడుతుండగానే లెక్కకట్టాలి. దానికి ఎగువ మండలాల్లో వాన కొలిచే యంత్రాల అంకెలు గంటగంటకూ దిగువ ఊరివాళ్లకు చేరాలి. యంత్రాలు ఉన్నాయి, అంకెలూ ఉన్నాయి. అర్ధరాత్రి వాటిని చూసి మీకు ఫోన్ చేసే మనిషి లేడు, అంతే.

మున్నేటి_ఒడ్డు
అట్లయితే మేమే చూసుకుంటం. మహబూబాబాద్, డోర్నకల్ దిక్కు దోస్తులున్నరు, వాట్సాప్ గ్రూపు పెడతా. అక్కడ గట్టిగా కొడితే రాత్రి ఎంతైనా సరే మెసేజ్ పెట్టాలని.

పాయకాపురం_పద్మ
మైలవరం, జి.కొండూరు వాళ్లెవరైనా ఇక్కడుంటే నన్ను కూడా అలాంటి గ్రూపులో చేర్చండి ప్లీజ్. ఇంకొకటి, మేం ఉండేది కింది వాటా, ఓనరు పై వాటా ఖాళీ అవుతోందన్నారు, అద్దె మూడు వేలు ఎక్కువ. తీసుకోమంటారా?

లాకుల_మాస్టారు
తీసుకోండమ్మా. బండి మాత్రం వాన కబురు రాగానే ఎత్తైన చోట పెట్టుకోండి.

మబ్బులరాయుడు
వాతావరణ శాఖ సైటులో రాడార్ బొమ్మలుంటాయి, అందులో మచిలీపట్నం ఎంచుకుంటే మీ ఊరు, మైలవరం, జగ్గయ్యపేట వైపు వరకు కనిపిస్తుంది. ఎర్రటి మబ్బు ఒకటి వచ్చి పోతే ఫర్వాలేదు. ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి వస్తూ రెండు మూడు గంటలు అలాగే ఉంటే మాత్రం సామాన్లు సర్దడం మొదలుపెట్టండి.